మరణపత్రమున వ్రాయని పేరు

మార్కాపురములో పలకల కార్ఖానా ముంగిట గాని, గిద్దలూరు రైల్వేస్టేషను బయటి టీ బంకు దగ్గర గాని, తర్లుపాడు, కొనకనమిట్ల పల్లెలలో సాయంకాలము రచ్చబండ మీద గాని, పొగ మానుమని చెప్పబోయిన ఆశా కార్యకర్తకు తప్పక ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. “మా తాత తొంభై ఏండ్లు బతికినాడమ్మా. పొద్దున లేస్తే చుట్ట, పండుకునే ముందర చుట్ట. ఆయనకేమీ కాలా. ఎన్నడూ బీడీ ముట్టని మా చిన్నాయన నలభై ఐదుకే పాయె. ఏటా లక్షలమంది పొగాకుతోనే పోతన్నారంటారే, ఆ లెక్క ఎవురు కట్టినారు? ఒక్కొక్క శవాన్ని కోసి చూసినారా?”

వినుటకు ఎకసక్కెముగా తోచినను ఇది శాస్త్రజ్ఞులు సయితము తమలో తాము వేసికొన్న ప్రశ్నయే. పొగ త్రాగినవారందరును దానివలననే చావరు. దీర్ఘకాలము త్రాగి మానని వారిలో సగమువరకు దానికి బలియగుదురని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది గనుక, మిగిలిన సగములో ఒకడగు తాతగారి దీర్ఘాయువు ఆ లెక్కకు విరోధము కాదు. అంతకంటె సూక్ష్మమైన సంగతి మరియొకటి యున్నది. రచ్చబండ మీద కూర్చుండి తన చుట్ట కథ చెప్పు వృద్ధుడు బ్రతికియున్నవాడు; ఏబది రెండవయేట ఆయాసముతో పోయిన అతని యీడువాడు తన కథ చెప్పుకొనుటకు అక్కడ లేడు. తొంబదియేండ్లు బ్రతికిన తాతను మనుమలు తలచుకొందురు గాని, మనుమడు పుట్టకముందే పోయిన తాత ఎవరి నోటను ఉదాహరణముగా రాడు. కావున మనకు కనబడు వృద్ధులను చూచి పొగాకును తూచుట పొరపాటు. మరి దేనిని చూచి తూచవలెను? ఈ అధ్యాయమున చెప్పదలచినది అదియే.

శవపరీక్షలో దొరకనిది

తాతగారి మనుమడు అడిగినట్లు శవమును కోసి చూచినను ప్రయోజనము స్వల్పము. గుండెకు రక్తమును కొనిపోవు నాళము మూసికొనిపోయి మనుష్యుడు మరణించినపుడు, ఆ నాళమును మూసినది పొగయా, మధుమేహమా, వంశపారంపర్యమా అని అడిగిన ఏ కత్తికిని సమాధానము దొరకదు. మూసికొన్న నాళము ఎవరిదైనను ఒక్క తీరుననే యుండును. క్షయ, పక్షవాతము, దీర్ఘకాలిక శ్వాసరోగము, కాన్సరు, అన్నియు పొగ త్రాగనివారికిని వచ్చునవే. అందుచేత వైద్యుడు మరణకారణము వ్రాయునపుడు ‘గుండెపోటు’ అనియో, ‘క్షయ’ అనియో వ్రాయును. పొగాకు అను పేరు ఆ గడిలోనికి వచ్చుట లేదు.

ఇంతకును వైద్యుడు వ్రాసిన మరణములే మన దేశమున తక్కువ. 2020లో నమోదైన మరణములలో వైద్యుడు కారణమును ధ్రువపరచినవి నూటికి 22.5 మాత్రమే. తక్కిన మరణములు ఇండ్లలో జరిగినవి, దారిలో జరిగినవి, ఆసుపత్రిలో జరిగియు ధ్రువపత్రము లేకుండ పోయినవి. వెలిగొండ కొండల క్రింది పల్లెలో రాత్రివేళ రొమ్ము పట్టుకొని పడిపోయిన రైతును గురించి, తెల్లవారి పంచాయతీ కార్యాలయమున “గుండె ఆగిపోయె” అని చెప్పుటకు మించి ఆ యింటివారు ఏమి చెప్పగలరు?

అయినను ఒక్క విషయమున మన ప్రభుత్వమువారి దూరదృష్టిని మెచ్చుకొనక తప్పదు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము క్రింద మరణమును తెలియజేయుటకు ఏర్పరచిన రెండవ నంబరు ఫారములో, చివరి భాగమున, చనిపోయినవానికి పొగ త్రాగు అలవాటు ఉండెనా, ఉండినచో ఎన్ని సంవత్సరములనుండి అను ప్రశ్న కలదు. ఆ వెంటనే పొగాకు నమలుటను గురించి, వక్కను గురించి, మద్యమును గురించి అట్టి ప్రశ్నలే వరుసగా వచ్చును. తండ్రి పోయిన మూడవనాడో నాలుగవనాడో, తలకు నూనె లేక, కన్నులు వాచి, బల్లయెదుట నిలుచున్న కొడుకునకు ఆ ప్రశ్న ఎంత పరాయిదిగా తోచునో ఊహింపవచ్చును. ప్రశ్న మాత్రము సరియైనది. చనిపోయినవాడు దేనివలన పోయెనని అడుగుటకంటె, బ్రతికినన్నాళ్లు ఏమి చేసెనని అడుగుటయే పొగాకు లెక్కకు ద్వారము.

చనిపోయినవారు, బ్రతికియున్నవారు

ఆ ద్వారమును మొదట గట్టిగా తట్టినవారు లండనులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇద్దరు. ఊపిరితిత్తుల కాన్సరు అప్పటికి ఇంగ్లండులో విపరీతముగా పెరుగుచుండెను. మోటారు బండ్ల పొగయో, వీధులకు పూయు తారో దానికి కారణమని డాల్ మొదట అనుమానించెను. అప్పటికి ఆయనయు సిగరెట్లు త్రాగువాడే. ఆసుపత్రులలోని 709మంది ఊపిరితిత్తుల కాన్సరు రోగులను, అదే యీడుగల 709మంది ఇతర రోగులను వారు ప్రశ్నించి, 1950లో ఫలితములు ప్రకటించిరి. కాన్సరు సోకిన 649మంది పురుషులలో పొగ త్రాగనివారు ఇద్దరే. ఆ పని సగములో ఉండగనే డాల్ సిగరెట్టు మానివేసెను.

మన దేశమున ఈ పద్ధతిని మిక్కిలి విరివిగా వాడినది జాతీయ రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయమువారితో కలసి ప్రభాత్ ఝా బృందము చేసిన పరిశోధన, 2008లో వెలువడినది. దేశమంతట మచ్చుగా ఎన్నుకొన్న సుమారు పదకొండు లక్షల ఇండ్లకు దాదాపు తొమ్మిదివందలమంది కార్యకర్తలు పోయి, 2001–2003 మధ్య మరణించిన వయోజనులను గురించి ఇంటివారిని అడిగిరి. ఎన్నాళ్లు జ్వరము? దగ్గు ఎప్పటినుండి? నెత్తురు పడెనా? నొప్పి ఏ చేతికి ప్రాకెను? కాళ్లు వాచెనా? ఇంటివారు చెప్పినది చెప్పినట్లు వారి భాషలోనే కథగా వ్రాసికొని రాగా, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ ఇద్దరు వైద్యులు దానిని చదివి మరణకారణమును నిర్ణయించిరి. దీనిని మాటల శవపరీక్ష యనవచ్చును. వైద్యులు వెర్బల్ అటాప్సీ అందురు. కత్తి లేదు, ప్రయోగశాల లేదు. ఇంటి ఆడవారి జ్ఞాపకశక్తి యున్నది, అది చాలవరకు నమ్మదగినది. ఇట్లు సుమారు 74,000 మరణములను, అదే తీరున ప్రశ్నించిన 78,000మంది బ్రతికియున్నవారిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిరి.

ఇక లెక్క ఎట్లు తేలునో, ఊహించిన చిన్న అంకెలతో చూతము. ఒక తాలూకాలో నడివయస్సున మరణించిన వందమంది మగవారిని గురించి విచారించితిమనుకొందము; వారిలో పొగ త్రాగినవారు 52మంది, త్రాగనివారు 48మంది. అదే ఊళ్లలో, అదే వయస్సున బ్రతికియున్న వందమందిని అడుగగా త్రాగువారు 40మంది, త్రాగనివారు 60మంది. బ్రతికియున్న త్రాగనివారు అరువదిమందికి నలువదియెనిమిది చావులు వచ్చినవి, అనగా పదిమందికి ఎనిమిది. పొగవలన ఏ హానియు లేనిచో త్రాగువారికిని ఇదే దామాషా వర్తింపవలెను; నలువదిమందికి ముప్పదిరెండు చావులు రావలెను. వచ్చినవి ఏబదిరెండు. ఆ అధికముగా వచ్చిన ఇరువదియే పొగాకు పద్దు. ఆ ఇరువదిమంది ఎవరెవరని అడిగిన ఎవరును వ్రేలుపెట్టి చూపలేరు. ఏబదిరెండుగురిలో ఎవరైనను కావచ్చును. కాని ఇరువదిమంది యున్నారనుటలో సందేహము లేదు.

ఈ అంకెలు నేను కల్పించినవేయైనను, తేలిన ఫలితము మాత్రము కల్పితము కాదు. ముప్పదినుండి అరువదితొమ్మిది యేండ్ల నడుమ మరణించు భారతీయ పురుషులలో ఐదింట ఒక వంతు, స్త్రీలలో ఇరువదింట ఒక వంతు పొగ త్రాగుటవలననే పోవుచున్నారని ఆ పరిశోధన తేల్చినది. 2010 తరువాతి దశాబ్దమున ఏటేట ఇట్టివి పది లక్షల మరణములకు చేరునని అంచనా వేసినది. తాతగారి మనుమడు విన్న లెక్క ఇదియే. మద్యము త్రాగువారును, చదువు లేనివారును, బీదలును పొగ ఎక్కువగా త్రాగుదురు గదా, ఆ చావులు వానివలన వచ్చినవేమో యని శంకించు చదువరులకు ఒక మాట: వయస్సు, చదువు, మద్యపానము, వీనిలో సమానులైనవారిని సమానులతోనే పోల్చి చూచిరి. తేడా అట్లే నిలిచినది.

బీడీ త్రాగు పురుషుడు సగటున ఆరేండ్లు, బీడీ త్రాగు స్త్రీ ఎనిమిదేండ్లు, సిగరెట్లు త్రాగు పురుషుడు పదేండ్లు ఆయుర్దాయమును కోల్పోవుచున్నారు. “బీడీయే మేలన్నమాట” అని సంతోషించు మిత్రులు నాకు కలరు. ఒక బీడీలో పొగాకు సిగరెట్టులో నాల్గవవంతు మాత్రమే యుండును. అంత కొలదిపాటి సరకు ఆరేండ్ల ఆయువును ఎట్లు హరించుచున్నదని గదా ఆశ్చర్యపడవలసినది! తునికాకు కాగితమువలె గాలిని లోనికి రానీయదు గనుక, ఆరిపోకుండ ఉండుటకు బీడీని మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. ఆ పీల్పులోనే రహస్యమంతయు నున్నది.

మన చావుల స్వభావము పాశ్చాత్యులదానికి భిన్నము. వారికి పొగాకు అనగానే ఊపిరితిత్తుల కాన్సరు స్ఫురించును. మన దేశమున పొగాకు తరచు క్షయ వేషమున వచ్చును. చెన్నపట్టణమునను చుట్టుప్రక్కల పల్లెలలోను వేండన్ గజలక్ష్మి, ఆమె సహచరులు 43,000మంది మృతులను, 35,000మంది జీవించియున్న పురుషులను పోల్చి 2003లో ప్రకటించిన పరిశోధన, పొగ త్రాగువారు క్షయతో మరణించుట త్రాగనివారికంటె నాలుగు రెట్లు ఎక్కువయని చూపినది. ఊపిరితిత్తులలో అణగియున్న క్షయక్రిమిని పొగ నిద్రలేపును. ఆ యింటివారు “టీబీతో పాయె” అని చెప్పుదురు. చెప్పినది నిజమే, సగము నిజము.

తగ్గినది ఎంత

ఇంతవరకు చావుల మాట. త్రాగువారి సంఖ్య తగ్గుచున్నదా, పెరుగుచున్నదా? దీనికి దేశవ్యాప్తముగా రెండు పెద్ద సర్వేలు జరిగినవి. 2009–10లో సుమారు 69,000మందిని, 2016–17లో సుమారు 74,000మందిని ఇంటింటికి పోయి అడిగిన ఆ వయోజన పొగాకు సర్వేలను గాట్స్ అని వ్యవహరింతురు. పదునైదేండ్లు దాటినవారిలో ఏ రూపమున నైనను పొగాకు వాడువారు మొదటి సర్వేలో నూటికి 34.6, రెండవదానిలో 28.6. పొగ త్రాగువారు 14.0 నుండి 10.7కు దిగిరి; నమలువారు, పీల్చువారు 25.9 నుండి 21.4కు దిగిరి. పదునైదు, ఇరువదినాలుగేండ్ల నడుమ యువజనులలో 18.4 ఉన్నది 12.4 అయినది, నాకు అన్నిటికంటె ఉత్సాహము కలిగించు అంకె ఇదియే.

ఇప్పుడు ఇదే సర్వేను మరియొక విధముగా చదివి చూడుడు. శాతములను విడిచి తలలను లెక్కించినచో, పొగాకు వాడువారు 27.49 కోట్లనుండి 26.68 కోట్లకు దిగిరి. శాతములో ఆరింట ఒక వంతు తగ్గినట్లు కనబడినది తలల లెక్కలో నూటికి మూడుగ మిగిలినది, ఏలయనగా ఈ ఏడేండ్లలో జనాభా పెరిగినది. ప్రభుత్వ ప్రకటనలు శాతమును చెప్పును, పొగాకు కంపెనీల వాటాదారులు తలలను లెక్కింతురు. ఇరువురును అబద్ధమాడుట లేదు. ఆసుపత్రి మంచములు ఎన్ని కావలెనను ప్రశ్నకు మాత్రము తలల లెక్కయే పనికివచ్చును.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అను మరియొక లెక్క కలదు. దాని ప్రకారము పొగాకు వాడు పురుషులు 2005–06లో నూటికి 57, 2015–16లో 44.5, 2019–21లో 38. ఒక్కొక్కసారి అడిగిన వయోవర్గము సరిగా ఒకటే కాదు గనుక వీనిని అక్షరాల పోల్చరాదు గాని, దిశ స్పష్టముగానే యున్నది.

మన ఆంధ్రప్రదేశము సంగతి విచిత్రము. 2016–17 సర్వేలో ఇక్కడ పొగాకు వాడువారు నూటికి 20.0, దేశపు సగటుకంటె ఎంతో తక్కువ. ఇది చూచి సంతోషింపబోవునంతలో రెండవ అంకె అడ్డము వచ్చును. పొగ త్రాగువారు మాత్రము 14.2, దేశపు సగటు 10.7ను ఇది మించినది. ఉత్తరదేశమున ఖైనీ, గుట్కా రూపమున నోటిలోనికి పోవు పొగాకు మన రాష్ట్రమున నిప్పు అంటించుకొని ఊపిరితిత్తులలోనికి పోవుచున్నది. బీహారు, ఉత్తరప్రదేశ్ సమస్యలను దృష్టిలో నుంచుకొని గుట్కా పొట్లములపై వేసిన ప్రచారమంతయు మన పల్లెలకు సగమే అన్వయించుటకు కారణము ఇది.

చుట్ట విషయమున ఆంధ్రదేశమునకు ప్రపంచ వైద్యగ్రంథములలో ఒక అప్రియమైన ప్రసిద్ధి గూడ కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు అలవాటును అడ్డపొగ యందురు. పిండ్‌బోర్గ్ అను డేనిష్ దంతవైద్యుడును, ఫాలీ మెహతా, ప్రకాశ్ గుప్తా మున్నగు బొంబాయి పరిశోధకులును శ్రీకాకుళము జిల్లాలో 10,169మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, అంగిటికి వచ్చు మచ్చలు, పుండ్లు ఆ నిప్పువేడియు పొగయు తగిలినచోటనే పుట్టుచున్నవని 1971లో ప్రకటించిరి. అంగిటి కాన్సరు ప్రపంచమున అరుదు. అచట అరుదు కాదు. తరువాతి కాలమున అదే బృందము ఎర్నాకుళము, భావనగరములతోపాటు శ్రీకాకుళమునను ముప్పదియారువేలమంది పొగాకు వాడువారి యిండ్లకు పోయి, నోరు తెరిపించి చూచుచు, అలవాటు మానుమని చెప్పుచు రాగా, మానినవారిలో కాన్సరుకు పూర్వరంగమైన తెల్లమచ్చలు పుట్టుట తగ్గినట్లు రుజువైనది. చెప్పిన వినరను నిరాశావాదులకు ఇది మంచి సమాధానము.

కంభము చెరువు చెప్పు నీతి

త్రాగువారు తగ్గుచుండగా చావులు తగ్గకపోవుటకు కారణమేమి? పొగాకు అన్ని రూపములవలనను భారతదేశమున ఏటేట 13 లక్షలకు పైగా మరణించుచున్నారని నేటి అంచనా. సర్వేలు అబద్ధమా, లేక చావుల లెక్క అబద్ధమా యని చదువరికి సందేహము కలుగుట సహజము.

కంభము చెరువు ఈ ప్రాంతమువారందరికి పరిచితమే. విజయనగరపు రాజులనాడు రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి నిర్మించిన ఆ మహాతటాకమునకు నీరు నల్లమల యడవులనుండి దిగి వచ్చును. కార్తీకమున వాన వెనుకబట్టును, ఆకాశము తేటపడును. అప్పుడు కట్ట దిగువ తూముకడ నిలిచి చూచినవానికి కాలువ నిండుగా పారుచునే కనబడును, ఏలయనగా పారుచున్నది నేటి వాన కాదు, శ్రావణ భాద్రపదములలో కురిసి చెరువులో నిలిచిన వాన. తూమును మాత్రము చూచి ఇంకను వాన కురియుచున్నదనువాడును, ఆకాశమును మాత్రము చూచి కాలువ ఎండినదనువాడును సమానముగనే పొరపడుదురు. పొగాకునందు సర్వే ఆకాశము, మరణము తూము. నడుమనున్న చెరువు మన నడివయస్సువారి శరీరములు, ఇరువది ముప్పదియేండ్లుగా త్రాగిన పొగ నిలిచియున్నచోటు.

ఈ కాలవ్యవధి ఎంతయో అమెరికా చరిత్ర చూపును. అక్కడ తలకు ఇన్ని సిగరెట్లను లెక్క 1963 ప్రాంతమున శిఖరమునకు చేరి, 1964లో ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదిక వెలువడిన పిదప దిగజొచ్చినది. పురుషులలో ఊపిరితిత్తుల కాన్సరు మరణముల రేటు శిఖరము 1990 ప్రాంతమునకు గాని రాలేదు. ఇరువదియైదేండ్లకు పైగా త్రాగువారు తగ్గుచు, చచ్చువారు పెరుగుచు వచ్చిరి. మన దేశమున పురుషులలో పొగాకు వాడుక తగ్గుముఖము పట్టినది ఈ శతాబ్దపు మొదటి దశాబ్దములలోనే యని సర్వేలు చెప్పుచున్నవి గనుక, చావుల తగ్గుదల మన కన్నులకు కనబడుటకు కాలము ఇంకను రావలసియున్నది.

దీనికి మరియొక కారణము తోడైనది. అది దుఃఖింపదగినది కాదు. స్వాతంత్ర్యము వచ్చునాటికి భారతీయుని సగటు ఆయుర్దాయము ముప్పదిరెండేండ్లు. నేడు సుమారు డెబ్బది. మలేరియాకును, కలరాకును, ప్రసూతి జ్వరమునకును తప్పించుకొని మనుష్యులు ఏబది అరువది యేండ్లకు చేరుచున్నారు. పొగాకు తన బాకీ వసూలు చేయు వయస్సు అదియే. వెనుకటి తాతకు చుట్ట హాని చేయకముందే వేరొక జ్వరము కొనిపోయెడిది.

బ్యారన్ నుండి పలకల గని దాక

ఈ ప్రాంతమువారు పొగాకును కేవలము వాడువారు గారు, పండించువారును. పొదిలి, కనిగిరి, కొండపి, టంగుటూరు, వెల్లంపల్లి వేలముకేంద్రములకు ఏటేట చేరు వర్జీనియా పొగాకు బేళ్లు, 1976లో గుంటూరు కేంద్రముగా ఏర్పడిన పొగాకు బోర్డు పర్యవేక్షణలో అమ్ముడగును. అందులో పెద్ద భాగము ఓడలెక్కి పరదేశములకు పోవును. మొక్క అడుగు ఆకు ముందు పండును గనుక ఒకేసారి కోయుటకు వీలులేదు. అడుగునుండి రెండు మూడు ఆకుల చొప్పున కొట్టుడు మీద కొట్టుడుగా తెచ్చి, ఆడకూలీలు వానిని కర్రలకు అల్లగా, బ్యారన్‌లో అటకలవలె వ్రేలాడదీసి, అయిదారు దినములు క్రమక్రమముగా వేడి పెంచుదురు. మొదట ఆకు పసుపుబారును, పిదప రంగు నిలుచును, కడపట ఈనె ఎండును. రాత్రి రెండుగంటలకు లేచి ధర్మామీటరు చూచి కట్టె సరిచేయు రైతు కంటికి నిద్ర యుండదు. మంచు తడి ఆరని ఆకును ఉదయమే కోయువారికి నికోటిన్ చర్మము ద్వారా ఎక్కి, తల తిరిగి వాంతులగుట కలదు. బీడీ ముట్టని ఆడకూలీకి గూడ పొగాకు మత్తు అంటు తీరు ఇది. వానలు నమ్ముకొనలేని ఈ నేలలో శీతకాలపు పదును మీదనే పండి, వేలములో రొక్కము తెచ్చు పైరు వేరొకటి చూపకుండ రైతును నిందించువారి మాటకు నేను విలువ ఇయ్యను. బేలు ఏ దేశమునకు పోయినను, దాని చావు లెక్క ఏ దేశపు ఫారములోనో ఎక్కునన్న మాట మాత్రము నిజము.

చిత్రమేమనగా ఇక్కడి వర్జీనియా సిగరెట్లుగా మారి దూరదేశములకు పోవుచుండగా, ఇక్కడి కూలివాడు బంకులో త్రాడుకొననున్న నిప్పుతో అంటించుకొనునది బీడీ. 2017లో జీఎస్టీ వచ్చినపుడు సిగరెట్లపై అదనముగా పరిహార సుంకము వేసి బీడీలను దానినుండి తప్పించిరి. బీడీలు చుట్టు బీద స్త్రీల జీవనోపాధిని సాకుగా చెప్పిరి. ఆ సాకులో నిజము లేకపోలేదు. బీదవాని బీడీ చవుకగా నిలిచియుండుటయు అంతే నిజము.

మార్కాపురమున దీనికి దుమ్ము తోడగును. దేశమంతట బడిపిల్లల చేతికి పలకలను అందించిన ఈ పట్టణము చుట్టుప్రక్కల గనులలో రాతిని పొరలుపొరలుగా ఉలితో చీల్చి, కోసి, నునుపు చేయునపుడు రేగు సన్నని ధూళియందు సిలికా యుండును. అది ఊపిరితిత్తుల గాలిగదుల వరకు చొచ్చి, మచ్చకట్టి, సిలికోసిస్ అను వ్యాధికి దారితీయును. ఆ వ్యాధి గలవానికి క్షయ సోకుట సులభము. సిలికా దుమ్మునకు క్షయ చుట్టము, పొగకును క్షయ చుట్టము. రెండును ఒక్క ఊపిరితిత్తిలో కలసినపుడు అపాయము దేనికది వేరుగా నున్నప్పటికంటె అధికము. ముక్కునకు తువాలు చుట్టుకొని పలక చీల్చిన కార్మికుడు, విరామమున ఆ తువాలు విప్పి బీడీ వెలిగించుట ఎవరైనను చూచిన దృశ్యమే. దుమ్మునకు అడ్డము పెట్టవలెనని తెలిసినది, పొగకు పెట్టవలెనని తెలియలేదు. ఇట్టి ప్రాంతములలో క్షయ చికిత్సయు పొగాకు మాన్పించుటయు ఒకే చోట జరుగవలెనని కేంద్రప్రభుత్వము 2017లో ఉమ్మడి కార్యక్రమమును రూపొందించినది. టీబీ మందు తీసికొనవచ్చినవానిని పొగ త్రాగుదువా యని అడిగి, మానుటకు తోడ్పడుట అందలి ముఖ్యాంశము.

మానినచో ఏమగును? ఈ విషయమున డాల్ బృందము బ్రిటిషు వైద్యులనే యాభై యేండ్లపాటు వెంబడించి, 2004లో తేల్చిన లెక్క కలదు. సిగరెట్లను మానక త్రాగినవారు పదేండ్ల ఆయువును కోల్పోయిరి. ముప్పదియేండ్లకు మానినవారు ఇంచుమించు ఆ పదేండ్లను, నలువదికి మానినవారు తొమ్మిదేండ్లను, ఏబదికి మానినవారు ఆరేండ్లను, అరువదికి మానినవారు మూడేండ్లను తిరిగి పొందిరి. పిల్లలు పొగ మొదలుపెట్టకుండ చేయుట ఎంత మంచి పనియైనను, దాని ఫలము ఈ శతాబ్దపు ఉత్తరార్ధమున గాని చావుల లెక్కలో కనబడదు, ఏలయనగా పదునేడేండ్ల బాలుడు పొగాకుతో మరణింపవలసిన వయస్సు అప్పటికి గాని రాదు. 2050 లోపల పొగాకు పద్దున పడవలసినవారు నేడే త్రాగుచున్న ముప్పది, నలువది, ఏబది యేండ్లవారు. వారు మానినచో గుండెకు గల అదనపు అపాయము ఏడాదిలోనే సుమారు సగమునకు దిగును. ఊపిరితిత్తుల కాన్సరు అపాయము సగమగుటకు పదేండ్లో, పదునైదేండ్లో పట్టును.